కేసుగారి చెవి

కేసుగారికి రెండు చెవులున్నాయి. కుడిది అందరికీ ఉండేలాంటిదే కాబట్టి దాని ఊసు ఆయన ఎన్నడూ ఎత్తరు. ఎడమదే అసలు చెవి. మాటవరసకి చెవి అనడమే గానీ, చూడ్డానికి తడిసిన అట్టముక్కని గుప్పిట్లో నలిపి తలకి అంటించినట్టుంటుంది. మడతలుండాల్సిన చోట గడ్డలు, గుంట ఉండాల్సిన చోట బొడిపె. కింద వేలాడే తమ్మె ఒక్కటే పుట్టినప్పుడు ఎలా ఉందో అలా మిగిలింది. ఇంకొకరైతే దాని మీదికి జుట్టు దువ్వుకునేవారు, లేదా టోపీ లాక్కునేవారు. కేసుగారు మాత్రం క్షవరానికి కూర్చుంటే ఆ వైపు ఇంకాస్త పైకి కత్తిరించమని దగ్గరుండి చెప్పి చేయించుకుంటారు.

ఆయన ఉద్యోగం ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడపడం. నడపడమంటే మీట నొక్కడం. జనం తమ మీట తాము నొక్కుకోగలరన్న సంగతి ఆ భవనంలో ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఎడమ చెవి ఎక్కేవాళ్ల వైపు ఉండేలా స్టూలు వేసుకుని కూర్చుంటారు. కొత్తవాళ్లెవరైనా ఆ చెవి వంక రెప్ప వాల్చకుండా చూశారా, అయిపోయారే. తాను పరీక్షలకి వెళ్తుంటానని ఈయన మొదలుపెడతారు. ఈ వయసులో ఏం పరీక్ష రాస్తున్నారని పాపం వాళ్లు అడుగుతారు. రాసేవాళ్లు వేరే ఉన్నారనీ, వాళ్లంతా తన దగ్గరికి వస్తారనీ ఆయన నిమ్మళంగా చెబుతారు. అప్పటికి వాళ్ల అంతస్తు దాటిపోయి ఉంటుంది.

సంగతేమిటంటే, ఊళ్లో వైద్య కళాశాల ఉంది. చెవి, ముక్కు, గొంతు డాక్టర్లు కాబోయే పిల్లలకి పరీక్షలు పెట్టేటప్పుడు, వాళ్ల ముందు కూర్చోబెట్టడానికి నిజం జబ్బున్న నిజం మనుషులు కావాలి. అలాంటి మనుషుల్ని అక్కడ కేసులంటారు. చాలా ఏళ్ల కిందట ఈయన గులిమి తీయించుకోవడానికి ఆ ఆసుపత్రికి వెళ్తే, పెద్ద డాక్టరు గులిమి సంగతి వదిలేసి ఆ నలిగిన చెవి డొప్ప పట్టుకున్నారు, పిల్లలందర్నీ పిలిచి చూపించారు. ఒక మనిషి తనని పట్టుకుని చూపించడం, పదిమంది మెడలు సాచి చూడడం ఈయన జీవితంలో అదే మొదలు. ఆ సుఖం మరిగారు. అప్పట్నించీ పరీక్షలొస్తే చాలు, లిఫ్టుకి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, కళాశాల గేటు తీయకముందే గేటు దగ్గరుంటారు. అక్కడి అటెండరు ఒకసారి వెటకారానికి 'కేసుగారు వేంచేశారు' అన్నాడు. ఆ వెటకారం ఈయనకి ఎక్కలేదు. దాన్ని బిరుదులా భుజాన వేసుకుని ఇంటిదాకా మోసుకొచ్చారు.

ఇంటి దగ్గర దాన్ని దించుకునే చోటు మాత్రం దొరకలేదు. ఇంట్లో టైలరమ్మ ఉంది.

టైలరమ్మ ఆయన భార్య. రెండు వీధుల అవతల ఒక ఇరుకు షాపులో బట్టలు సరిచేస్తుంది. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతు చొక్కాలు వదులు చేయడం, జిప్పులు మార్చడం. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, నిలువెత్తు అద్దం ఒకటి, అంతే షాపు. ఎవరైనా ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడితే, ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని అంచు మడుస్తుంది. రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి కాబట్టి గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుంటుంది. ఒక్కో సూదీ ఎడమ మూల నుంచి తీసి గుచ్చుతుంది. ఇంట్లో కూడా అంతే, మిగిలిపోయిన పని తెచ్చుకుని కూర్చుంటే నోట్లో సూదులే. కేసుగారు ఎదురుగా కుర్చీ వేసుకుని తన పరీక్షల గొప్పలు చెప్పుకుపోతుంటే, ఆవిడ మాట్లాడకపోవడం వినయం అని ఆయన అనుకునేవారు. ఆవిడ నోట్లో ఆ సూదులే లేకపోతే ఆ కాపురం ఎప్పుడో కోర్టు గుమ్మం ఎక్కేది.

ఆ చెవి ఎలా నలిగిందో ఆవిడకి తెలుసు. పరీక్షల్లో పిల్లలు అడిగితే కేసుగారు, ఆ రోజుల్లో కుస్తీ పట్టేవాణ్ణని ఛాతీ విరుచుకుంటారు. కుస్తీ లేదు, గిస్తీ లేదు. అప్పట్లో ఒక గోడౌనులో పనిచేసేవారు. షట్టరు ఇరుక్కుంటే నలుగురు కూలీలు ఎత్తుతున్నారు. ఈయన ఎత్తకుండా దాని కింద తలపెట్టి, ఇలా ఎత్తండి అలా ఎత్తండని పురమాయిస్తున్నారు. షట్టరు జారింది. తల తప్పింది గానీ చెవి తప్పలేదు. గంటలో బుడగలా ఉబ్బింది. అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు. డిస్పెన్సరీలో డాక్టరు చూసి, లోపల రక్తం చేరింది, సూదితో తీసేసి కట్టు కడతాను, రేపటికి ఆలస్యమవుతుంది అన్నాడు. ఈయన సూది వంక చూసి, ఒక్క నిమిషం బయటికెళ్లి వస్తానన్నారు. వరండాలో చీటీ పట్టుకుని నిలబడ్డ కొత్త పెళ్లికూతురికి, మొగుడు వెనక గేటు తోసుకుని పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోవడం కనిపించింది. ఆ గేటు దగ్గరే ఆవిడకి ఆయన మీద ఉన్న గౌరవం జారిపోయింది. తర్వాత వెతుక్కోలేదు కూడా.

అలా సూదికి దడిసి పారిపోయిన పెద్దమనిషి, సూది పెట్టకపోతే ఏమవుతుందో చూపించే బొమ్మగా మారి పేరు తెచ్చుకున్నారు. పరీక్షల్లో ఏళ్ల తరబడి విన్నది విన్నట్టు బట్టీ పట్టేశారు. చెవి డొప్పలో గట్టి ఎముక ఉండదు, మృదులాస్థి ఉంటుంది, వంచితే వంగుతుంది. దానికి సొంత రక్తనాళాలు లేవు, మీద అతుక్కున్న పొర నుంచే దాని తిండి. దెబ్బ తగిలి ఆ పొరకీ దానికీ మధ్య రక్తం చేరితే తిండి ఆగిపోయి చచ్చి ముడుచుకుపోతుంది. తమ్మెలో మృదులాస్థి లేదు, ఉన్నది కొవ్వు, అందుకే అది చెడదు. డొప్ప పట్టుకుని లాగితే నొప్పి పెరిగిందా, జబ్బు బయటి చెవిలో ఉన్నట్టు. పెరగలేదా, కర్ణభేరికి అవతల ఉన్నట్టు. ఈ పాఠమంతా చిలకలా అప్పజెబుతారు. పరీక్షలో ఎవరైనా తడబడితే ముందుకి వంగి మెల్లగా అందిస్తారు కూడా. ఆ పిల్లలు పాసై, పోతూపోతూ ఒక టీ, ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి పోతారు. ఊళ్లో చెవి డాక్టర్లలో సగంమంది తన చెవి పట్టుకుని ఒడ్డెక్కినవాళ్లేనని ఈయన లిఫ్టులో చెప్పుకుంటారు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

అయితే ఆ చదువంతా ఒకే ఒక్క చెవి చదువు. తన చెవికి లేని జబ్బు గురించి ఆయన్నెవరూ అడగలేదు, ఆయనా వినలేదు. ప్రపంచంలో చెవికి వచ్చే రోగాలన్నీ తన తలకి ఎడమవైపున ఉన్నాయని ఆయన నమ్మకం.

బడులు తెరిచే రోజులు. టైలరమ్మ షాపులో యూనిఫాంలు నడుమెత్తు పేరుకున్నాయి. ఆవిడకి ఎడమ చెవిలో పోటు మొదలైంది. మొదట మిషను మీద వంగి వంగి మెడ పట్టిందనుకుంది. మర్నాటికి ఆ పోటు చెవి లోపల్నించి దవడలోకి దిగింది. వేలు పెడితే డొప్ప గుంటలో చిన్న చిన్న నీటి పొక్కులు తగిలాయి. అద్దం ముందు ఎంత తల తిప్పినా కనపడలేదు. ఎంత నిలువెత్తు అద్దమైనా ఎవరి చెవి గుంట వాళ్లకి చూపించదు కదా.

ఆ సాయంత్రం కేసుగారు టార్చిలైటు తెచ్చారు. భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, తాను వెనక్కి రెండడుగులు వేసి, పెద్ద డాక్టరు నిలబడే తీరుగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. ముందు తమ్మె పట్టుకుని చూసి తల పంకించారు. తర్వాత డొప్ప పట్టుకుని పైకీ వెనక్కీ లాగారు. టైలరమ్మకి కళ్లముందు చీకట్లు కమ్మాయి, అరవకుండా కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆవిడ ముఖంలో నొప్పి చూసి కేసుగారి ముఖం వెలిగిపోయింది. లాగితే నొప్పి, కాబట్టి బయటి చెవే, తమ్మె శుభ్రంగా ఉంది, కాబట్టి భయం లేదని తేల్చేశారు. మరి ఆ పొక్కులేమిటని ఆవిడ అడిగింది. చెమటకాయలన్నారు. చెవిలో చెమటకాయలా అంది. అది షాపు ఉక్క వల్ల అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఆవిడేం ఆ మాట నమ్మలేదు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తానంది. అప్పుడాయన గొంతు మార్చారు.

"రేపు నాకెలాగూ పరీక్షలేగా. పెద్ద డాక్టరుగారు నా పక్కనే ఉంటారు. నువ్వు పని మానుకుని ఆ వరసలో నిలబడ్డం దేనికి? నేను అడిగి వస్తాను."

ఇక్కడ టైలరమ్మ ఆగింది. ఆవిడకి మొగుడి తెలివి మీద నమ్మకం లేదు, ధైర్యం మీద లేదు, చెప్పే కబుర్ల మీద అసలే లేదు. కానీ ఇది తెలివికీ ధైర్యానికీ సంబంధించింది కాదు. పక్కనున్న మనిషిని ఒక ముక్క అడగడం. తన పెళ్లాం చెవి నొప్పి గురించి ఒకే ఒక్క ముక్క. అంతమాత్రం చేస్తాడులే అనుకుంది. షాపులో అవతల యూనిఫాంల గుట్ట ఉంది. సరేనంది.

మర్నాడు సాయంత్రం కేసుగారు బిస్కెట్ పొట్లంతో వచ్చారు. అడిగారా అంది.

"అడిగాను. నేను చెప్పిందే ఆయనా చెప్పారు. చుక్కలు వేసుకుంటే చాలన్నారు."

దారిలో మందుల షాపులో చుక్కలు కూడా కొనుక్కొచ్చారు, అది ఒప్పుకోవాలి. ఆవిడ తల పక్కకి వాల్చి పడుకుంటే తానే వేశారు. పెద్ద డాక్టరే చెప్పాక ఇంకేం అనుమానమని ఆవిడ పోటు ఓర్చుకుంది. ఆ రోజూ ఓర్చుకుంది, తర్వాతి రోజూ ఓర్చుకుంది. చెవిలో హోరు, నడిస్తే కాస్త తూలు. పొద్దుట నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి మెడ మీదికి కారాయి. నిద్ర సరిపోలేదనుకుంది.

షాపులో ఒకాయన కొత్త ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, అంచు మడిచి, గుండుసూదులు నోట్లో పెట్టుకుంది. అవి జారి నేల మీద పడ్డాయి. ఏరుకుని, తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. మళ్లీ పడ్డాయి. ఇన్నేళ్లలో ఆ పెదవుల నుంచి ఒక్క సూది జారలేదు. ప్యాంటాయన అద్దంలోంచి ఆవిడ వంక చూశాడు. సరిగ్గా అప్పుడే ఆడపడుచు, అంటే కేసుగారి చెల్లెలు, పిల్లల యూనిఫాంల కోసం గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, నీ మూతేంటి అలా వంకరగా ఉంది?"

టైలరమ్మ తల ఎత్తి అద్దంలో చూసుకుంది. కుడివైపు తానే ఉంది. ఎడమవైపు ఎవరో ఉన్నారు. నుదుటి మీద గీతలు మాయమయ్యాయి, కన్ను రెప్ప వేయడం మానేసింది, పెదవి మూల కిందికి వేలాడుతోంది. ఆడపడుచు షాపు తలుపు తానే లాగి, వదిన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చెవి గుంటలో పొక్కులు చూడగానే నొసలు చిట్లించాడు. చిన్నప్పుడెప్పుడో వచ్చి తగ్గిన ఆటలమ్మ పూర్తిగా పోదట. దాని క్రిమి ఇన్నేళ్లూ ముఖం నరం మొదట్లో నక్కి కూర్చుని, ఇప్పుడు లేచిందట. ముఖం కదిలించే ఆ నరం చెవి వెనక ఎముకలోంచే వస్తుందనీ, అందుకే ముందు చెవిలో పొక్కులు కనబడతాయనీ చెప్పాడు. పొక్కులు రాగానే వస్తే మందులు బాగా పట్టేవనీ, చాలామందికి ముఖం దక్కుతుందనీ అన్నాడు. ఇప్పుడిస్తాం, ఎంతవరకు వస్తుందో చూద్దాం అన్నాడు. ఎందుకింత ఆలస్యం చేశారని అడిగాడు. మీ పెద్ద డాక్టరు చుక్కలు చాలన్నారని ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాలుక కూడా ఆ రోజు మాట వినడం లేదు.

కేసుగారు లిఫ్టు దిగి సరాసరి ఆసుపత్రికి వచ్చారు. భార్య ముఖం చూశారు. చూసి అన్నది ఇది.

"ఎంత చదువు చదివినా ఒక్కోసారి పొరబడతారు. పెద్ద డాక్టరైనా మనిషేగా. మనసులో పెట్టుకోకు."

ఆ ఉదారత చూసి ఆడపడుచు కూడా అన్నయ్యది ఎంత పెద్ద మనసు అనుకుంది.

టైలరమ్మ మనసులో పెట్టుకుంది. ఆసుపత్రిలో ఉంచినన్నాళ్లూ, పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేది. ఇంటికొచ్చాక ఎడమ కన్ను మూతపడక పడుకునేముందు దానికి టేపు అంటించుకునేది. నీళ్లు స్ట్రాతో తాగేది. అన్నిటికంటే ఆవిడని కాల్చింది సూదులు. పెదవులు సూదులు పట్టవు. మణికట్టుకి దిండులాంటిది కట్టుకుని దానికి గుచ్చుకుని తీసుకోవడం నేర్చుకుంది, పని సగం నెమ్మదించింది. అద్దం ముందు నిలబడే జనం తమ ప్యాంటు వదిలేసి ఆవిడ ముఖం చూడ్డం మొదలుపెట్టారు. నెలలు గడిచాయి. కంటిరెప్పలో కదలిక కాస్త వచ్చింది, ఆ వచ్చింది అక్కడే ఆగిపోయింది. ఆవిడ మొగుణ్ణి తక్కువగా చూడ్డం ఎప్పటిలాగే చూసేది గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం తప్పు ఆయనది కాదని తనకి తానే చెప్పుకునేది. అడిగాడుగా. పాపం, అడిగాడు.

నోట్లో సూదులు లేకపోవడంతో ఆవిడకి మాటలు కూడా ఎక్కువయ్యాయి. కేసుగారు పరీక్షల కబుర్లెత్తితే, ఆ షట్టరు సంగతి కూడా చెప్పారా పిల్లలకి అని అడిగేది. ఆయన లేచి వెళ్లి వరండాలో నిలబడేవారు.

మళ్లీ పరీక్షలొచ్చాయి. తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరు ఆవిడ ముఖం చూసి, కష్టం కాకపోతే ఒక పూట వచ్చి కూర్చోమన్నారు. ఇలాంటి కేసు పిల్లలు చూసి ఉంటే రేపు ఇంకొకరి ముఖం నిలబెడతారన్నారు. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలో పరోపకారం ఏమీ లేదు. పదిమంది డాక్టర్ల ముందు, ఇదంతా మీ చుక్కల మహిమేనని ఆ పెద్దమనిషి ముఖం మీదే చెప్పాలని ఆవిడ నిర్ణయం.

ఈ మాట కేసుగారి చెవిన పడింది. చెవినిల్లు కట్టుకుని పోరారు. అది ఆడవాళ్లకి అయ్యే పని కాదన్నారు, గంటలకొద్దీ కూర్చోవాలన్నారు, ప్రశ్నలడిగి చంపుతారన్నారు, అనుభవం కావాలన్నారు. చివరికి ఒకే ఇంట్లోంచి రెండు కేసులు వెళ్తే బాగుండదన్నారు. ఇన్నేళ్ల గద్దె కదులుతోందని కుళ్లు అనుకుంది టైలరమ్మ. ఆవిడ ఊహ అంతవరకే వెళ్లింది.

పరీక్ష హాలు పొడుగ్గా ఉంది. కిటికీల వెంట వరసగా స్టూళ్లు, ఒక్కో స్టూలు మీద ఒక్కో కేసు, మధ్యలో తెరలు లేవు. అవతలి చివర బల్ల దగ్గర పరీక్షకులు, వాళ్లలో పెద్ద డాక్టరు. కేసుగారు తన స్టూలు మీద, వెలుతురు పడేలా చెవి తిప్పుకుని కూర్చున్నారు గానీ, ఆ రోజు మెడ సరిగ్గా నిలవడం లేదు. పక్క స్టూలే టైలరమ్మది. పొద్దుట్నించీ ఆయన దగ్గరికి వచ్చిన పిల్లలు ఒకసారి తడిమి, రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతున్నారు. ఆవిడ దగ్గర మాత్రం నిలబడిపోతున్నారు.

ఆఖరికి ఒక అమ్మాయి వచ్చింది. తెల్లకోటు చేతులు పొడుగు, వేళ్ల దాకా కప్పేశాయి. రెండంగుళాలు మడవాలని టైలరమ్మ కన్ను వెంటనే కొలిచింది. ఆ అమ్మాయి వరసగా అడిగింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, పొక్కులు ఎప్పుడు వచ్చాయి, ముఖం ఎప్పుడు వాలింది. పెద్ద డాక్టరు లేచి వచ్చి ఆ అమ్మాయి వెనక నిలబడ్డారు. టైలరమ్మ ఎదురుచూస్తున్న ప్రశ్న అప్పుడొచ్చింది.

"మరి పొక్కులు చూసుకున్నాక కూడా ఆసుపత్రికి రాలేదేమమ్మా?"

పక్క స్టూలు మీంచి కేసుగారు అలవాటు ప్రకారం ముందుకి వంగారు. షాపులో పని ఒత్తిడని రాసుకో అమ్మా అని మెల్లగా అందించారు. టైలరమ్మ ఆయన వంక చూడను కూడా చూడలేదు. పెద్ద డాక్టరు కళ్లలోకి చూస్తూ, హాలంతా వినపడేలా చెప్పింది.

"మీరే కదండీ చుక్కలు చాలన్నారు. మా ఆయన ఇదే హాల్లో మిమ్మల్ని అడిగారు, పోయిన పరీక్షలప్పుడు."

పెద్ద డాక్టరు కోప్పడలేదు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగారు. తర్వాత కేసుగారి వైపు తిరిగారు.

"ఆ రోజు మీరు నన్నేమీ అడగలేదే. టీ తాగేటప్పుడు పక్కనే కూర్చున్నాం కూడా. చెవిలో పొక్కులని చెప్పుంటే ఆ సాయంత్రమే ఆవిణ్ణి రప్పించేవాణ్ణి."

కేసుగారు దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నారు. చూపు కిటికీ మీద ఉంది. కిటికీలో చూడ్డానికేమీ లేదు.

"ఆ సాయంత్రం వచ్చుంటే నా ముఖం నిలబడేదా?" అని అడిగింది టైలరమ్మ.

"ఖాయంగా చెప్పలేనమ్మా. చాలావరకు నిలబడేదనే అనుకుంటాను."

టైలరమ్మకి అంతా ఒక్కసారి అర్థమైంది. పక్కపక్కన కూర్చుని టీ తాగారు. అడిగితే, చెమటకాయలు కావని తేలితే, ఇన్నేళ్లూ పిల్లలకి జవాబులందించిన కేసుగారికి ఏమీ తెలియదని పదిమందికీ తెలిసిపోతుంది. అందుకని అడగలేదు. ఇంటికొచ్చి అడిగానన్నాడు. ముఖం వాలాక ఆ తప్పు తీసుకెళ్లి ఇంకొకరికి అంటగట్టి, మనసులో పెట్టుకోకని తనకి బుద్ధి చెప్పాడు. ఆ వెనక గేటులోంచే మళ్లీ జారుకున్నాడు. ఈసారి పోయింది మాత్రం తన ముఖం. తెలివి లేనివాడనీ పిరికివాడనీ తెలిసి కూడా, ఒక్క ముక్క అడుగుతాడులే అని నమ్మిన తన మీద కూడా ఆవిడకి అసహ్యం వేసింది.

"చిన్నదానికి ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని..." అన్నారు కేసుగారు, కిటికీతో.

ఆ అమ్మాయి కలం ఎత్తి పట్టుకుని నిలబడింది. టైలరమ్మ ఆమె వైపు తిరిగి మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"ఆలస్యానికి కారణం ఆ పక్క స్టూలు మీద కూర్చుంది తల్లీ. ఇంకేమన్నా కావాలంటే అడుగు. అన్నీ ఆయనకి తెలుసు."

ఎవరూ నవ్వలేదు. బల్ల దగ్గర కూర్చున్న పరీక్షకుడు టైమవుతోందని గంట మీద చెయ్యి వేశాడు. పెద్ద డాక్టరు ఇక కానివ్వమన్నట్టు ఆ అమ్మాయికి తల ఊపారు. ఆమె ముందుకి వచ్చి, ముఖం నరం బలం చూడ్డం మొదలుపెట్టింది. నుదురు ముడవండమ్మా అంది. కళ్లు గట్టిగా మూయండి అంది. ఎడమ కన్ను సగమే మూసుకుని తెల్లగా కనిపించింది. బుగ్గలు ఊదమంది. గాలి ఎడమ మూల నుంచి పోయింది.

"ఇప్పుడు పళ్లు కనపడేలా నవ్వండమ్మా."

టైలరమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన చూపు కిటికీ మీంచి తన మీదికి వచ్చేదాకా ఆగింది. వచ్చాక నవ్వింది. ఎడమ చెంప గోడలా ఉండిపోయింది. కుడి పెదవి మెల్లగా పైకి లేచింది. ఇన్నేళ్లు గుండుసూదుల వెనక దాచుకున్నదంతా దాచుకోకుండా చూపించింది.

"ఎడమవైపు కదలిక లేదు సార్" అంది ఆ అమ్మాయి.

"కుడివైపు?" అని అడిగారు పెద్ద డాక్టరు.

"కుడివైపు బలం పూర్తిగా ఉంది సార్."

కేసుగారు చెయ్యెత్తి, ఎడమ చెవిని అరచేత్తో కప్పుకున్నారు.